కమ్మరి కుమారుడు మైఖేల్ ఫారడే

చదువవలసిన వాక్యభాగములు: మత్తయి 6:19–34, రోమా 1:20



ఈ నెల ధ్యానమునకు మేము ఎన్నుకొనిన వ్యక్తి అపొస్తలుడు కాడు, మిషనెరీ కాడు, పాదిరియు కాడు. లండను పట్టణములో ఒక కమ్మరివాని కుమారుడు. పుస్తకములకు అట్టలు కట్టు పనివాడు. పిమ్మట లోకమంతయు ఎరిగిన శాస్త్రజ్ఞుడు, తన చిన్న సంఘములో ఒక పెద్ద. ఆయన పేరు మైఖేల్ ఫారడే. మన పిల్లలు ఉన్నత పాఠశాలలో విద్యుద్విశ్లేషణము అను పాఠము చదువుదురు గదా, అందులో ఫారడే నియమములని రెండు నియమములుండును. పరీక్ష నిమిత్తము వాటిని కంఠస్థము చేయుదురు, పరీక్ష కాగానే మరచిపోవుదురు. ఆ నియమములను కనుగొనిన మనుష్యుడు ఏ ఇంట పుట్టెను, ఏమి తినెను, ఎవరిని నమ్మెను అని వారికి చెప్పువారు తక్కువ.

మరియొక కారణము కూడ కలదు. పిల్లవాడు సైన్సు చదివినయెడల విశ్వాసము విడుచునేమో యని లోలోపల భయపడు తలిదండ్రులు మన గ్రామ సంఘములలో ఇంకను ఉన్నారు. చేతిలో డబ్బు లేక పదవ తరగతితోనే చదువు మాన్పించి పత్తి చేనికి, మిరప తోటకు పంపువారు మరికొందరు. ఈ ఇరువురును ఈ జీవితమును ఓపికతో చదువవలెనని మా కోరిక.

ఫారడే 1791వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీన లండనుకు దక్షిణముననున్న న్యూయింగ్టన్ బట్స్ అను చోట జన్మించెను. తండ్రి జేమ్సు, తల్లి మార్గరెట్. తండ్రి ఉత్తర ప్రాంతమైన వెస్ట్‌మోర్లండ్ నుండి బ్రదుకుతెరువు వెదకుచు పట్టణమునకు వలస వచ్చిన కమ్మరి. దేహములో ఆరోగ్యము లేనందున కొలిమి యొద్ద దినమంతయు నిలువలేకపోయెను. పని చేయని దినమున కూలి లేదు. నలుగురు బిడ్డలలో మైఖేలు మూడవవాడు. 1801లో ధాన్యపు ధరలు విపరీతముగా పెరిగినప్పుడు తల్లి అతనికి ఒక రొట్టె ఇచ్చి, దానితో వారమంతయు గడుపుకొనవలెనని చెప్పెనట. అప్పుడతనికి తొమ్మిదేండ్లు. చదువుట, వ్రాయుట, కొద్దిపాటి లెక్కలు, బడిలో అతడు నేర్చినది ఇంతే. పై తరగతుల గణితము ఆయనకు జీవితాంతము రాలేదు. లెక్కలు రాని పిల్లలు దీనిని సాకుగా తీసికొనకుందురు గాక!

ఆ కుటుంబము సాండిమనీయులు అను చిన్న క్రైస్తవ సంఘమునకు చెందినది. స్కాట్లాండులో జాన్ గ్లాస్ అను బోధకుడును, అతని అల్లుడైన రాబర్ట్ సాండిమన్ అనువాడును నడిపించిన సంఘమది. వారిలో జీతము పుచ్చుకొను పాదిరులు లేరు. సభ్యులే తమలోనుండి పెద్దలను ఏర్పరచుకొందురు. ఆదివారము ఉదయ ఆరాధనకును మధ్యాహ్న ఆరాధనకును నడుమ అందరు కూర్చుండి కలిసి భోజనము చేయుదురు. దానిని ప్రేమవిందు అందురు. ధనము కూడబెట్టుకొనరాదని మత్తయి 6వ అధ్యాయములో మన ప్రభువు చెప్పినదానిని వారు అక్షరార్థముగా పట్టుకొనిరి. మనము ఆ అధ్యాయమును చదివి, అర్థము చెప్పుకొని, ఇంటికి పోయి చీటీ డబ్బులు లెక్కపెట్టుకొందుము. వారు అట్లు చేయలేదు.

1804లో మైఖేలు బ్లాండ్‌ఫర్డ్ వీథిలో జార్జి రీబో అను పుస్తక వర్తకుని యొద్ద పరుగుపనుల కుర్రవానిగా చేరెను. ఆ కాలమున వార్తాపత్రిక వెల ఎక్కువ గనుక దానిని అద్దెకిచ్చెడివారు. పత్రికను ఒక ఇంట ఇచ్చుట, వారు చదివిన తరువాత తెచ్చి మరియొక ఇంట ఇచ్చుట, ఇదే ఆ బాలుని పని. మరుసటి ఏడు యజమానుడు అతనిని ఏడేండ్ల శిష్యరికమునకు తీసికొని అట్టలు కట్టుపని నేర్పెను. సాధారణముగా శిష్యుడే యజమానునికి రుసుము చెల్లింపవలెను. ఈ బాలుని నమ్మకత్వము చూచి రీబో రుసుము పుచ్చుకొనలేదు. అట్టి యజమానులు ఎప్పుడును అరుదే.

అట్టలు కట్టుటకు వచ్చిన పుస్తకములను మైఖేలు విప్పి చదువనారంభించెను. బ్రిటానికా విజ్ఞానసర్వస్వములో విద్యుత్తును గూర్చిన వ్యాసము అట్లే అతని చేతబడెను. జేన్ మార్సెట్ అను స్త్రీ సంభాషణల రూపములో వ్రాసిన రసాయనశాస్త్ర గ్రంథము అతనికి రెండవ గురువాయెను. మూడవ గురువు మనకు తెలిసినవాడే. ఐజక్ వాట్స్, ఎవని కీర్తనలను మన సంఘములు సిలువ ధ్యానములలో పాడుకొనుచున్నవో ఆ భక్తుడు, మనస్సును బాగుచేసికొనుటను గూర్చి ఒక పుస్తకము వ్రాసియుండెను. చదివినదానిని వ్రాసికొనవలెను, ఉపన్యాసములకు వెళ్లవలెను, విన్నదానిని నమ్మకముందు పరీక్షించి చూడవలెను అని అందలి ఉపదేశసారము. మైఖేలు వాటిని తూచ తప్పక పాటించెను. ఊరిలో జాన్ టేటమ్ అనువాడు చెప్పు విజ్ఞాన ఉపన్యాసములకు ఒక్కొక్కదానికి ఒక షిల్లింగు రుసుము. కమ్మరిపని చేయుచుండిన అన్న రాబర్టు ఆ షిల్లింగులు ఇచ్చెను. 1810లో తండ్రి చనిపోయెను. ఇంటి పెద్దకొడుకు కొలిమి యొద్ద నిలిచి తమ్ముని చదువునకు డబ్బిచ్చెనన్న సంగతి చరిత్ర పుస్తకములలో ఒక్క పంక్తిలో ముగియును గాని, మన ఇండ్లలో అన్నలకు, అక్కలకు దాని విలువ తెలియును.

1812 జూలైలో, ఇరువది ఏండ్ల వయస్సున, ఈ పనివాడు తన చేతులతో ఒక చిన్న బ్యాటరీ చేసెను. ఏడు అర్ధపెన్నీ రాగి నాణెములు, అంతే పరిమాణముగల ఏడు జింకు బిళ్లలు, నడుమ ఉప్పునీటిలో తడిపిన ఆరు కాగితపు ముక్కలు. ఇదియే పరికరమంతయు. ఇటలీ దేశస్థుడైన వోల్టా 1800లో లోకమునకు తెలిపిన ఉపాయమిది. దాని తీగెలను ఎప్సమ్ ఉప్పు, అనగా భేదికి ఇచ్చు ఉప్పు, కరిగించిన నీటిలో ముంచి అతడు పరీక్షింపగా తీగెలమీద బుడగలు పుట్టెను. మరి పెద్ద బ్యాటరీతో నడిపించినప్పుడు, గంటలు గడచునప్పటికి తేటగానున్న నీరు తెల్లగా కలగెను. ఉప్పు విడిపోయి మెగ్నీషియా బయటపడినదన్నమాట. విద్యుద్విశ్లేషణమనగా ఇదే: కరిగిన లేక ద్రవముగా మారిన పదార్థము గుండ కరెంటును పంపి దానిని భాగములుగా విడదీయుట.

ఆ సంవత్సరమే దుకాణమునకు వచ్చిన డాన్స్ అను సంగీతజ్ఞుడు అతనికి రాయల్ ఇన్‌స్టిట్యూషనులో సర్ హంఫ్రీ డేవీ చేయు నాలుగు ఉపన్యాసములకు టిక్కెట్లు ఇచ్చెను. డేవీ అనగా అప్పటికి ఐరోపా అంతట ప్రసిద్ధుడు. కరెంటుతో కరిగిన క్షారములను విడదీసి 1807లో పొటాషియమును, సోడియమును, మరుసటి ఏడు కాల్షియము మొదలైనవాటిని వెలికి తీసినవాడు. ఫారడే ఆ ఉపన్యాసములను శ్రద్ధతో వ్రాసికొని, బొమ్మలు గీసి, తానే అందముగా అట్టకట్టి డేవీకి పంపెను. అంతకుముందు రాయల్ సొసైటీ అధ్యక్షుడగు బ్యాంక్స్‌కు ఉత్తరము వ్రాయగా జవాబు రాలేదు. డేవీ జవాబిచ్చెను. 1813 మార్చి 1వ తేదీన ఫారడే ఆయన ప్రయోగశాలలో సహాయకుడుగా నియమింపబడెను. వారమునకు 25 షిల్లింగుల జీతము, ఆ కట్టడపు పై అంతస్తున రెండు గదులు, బొగ్గులు, క్రొవ్వొత్తులు. అదే సంవత్సరము డేవీతో ఐరోపా యాత్రకు వెళ్లినప్పుడు డేవీ భార్య అతనిని సేవకునివలె చూచెను. అతడు లోలోపల మిక్కిలి నొచ్చుకొనెను, మధ్యలో తిరిగి పోదునా అనికూడ తలంచెను, అయినను నేర్చుకొనవలెనను ఆశచేత ఓర్చుకొనెను.

1821 జూన్‌లో సారా బర్నార్డ్‌ను వివాహమాడెను. ఆమెయు అదే సంఘపు పిల్ల. ఒక నెల గడచిన తరువాత సంఘమునెదుట తన విశ్వాసమును ఒప్పుకొని పూర్తి సభ్యుడాయెను. వారికి బిడ్డలు కలుగలేదు. ఆ కొరతను గూర్చి ఎక్కువ వ్రాయ నక్కరలేదు. క్రిస్మసు దినములలో ఊరి పిల్లలకొరకు ఆయన 1827 మొదలు 1861 వరకు 19 పర్యాయములు ఉపన్యాసమాలలు చెప్పెను. ఒక్క క్రొవ్వొత్తిని చేతబట్టుకొని, అది ఎట్లు మండును, పొగ ఏమి, కాంతి ఏమి, మన ఊపిరికి దానికి ఏమి సంబంధము అని ఆరు ఉపన్యాసములు చెప్పిన మనిషి ఆయన.

ఇక 1831 ఆగస్టు 29వ తేదీ సంగతి. ఇనుప ఉంగరమునకు రెండు తీగె చుట్టలు చుట్టి, ఒక చుట్టలో కరెంటు మొదలుపెట్టినప్పుడు గాని ఆపినప్పుడు గాని రెండవ చుట్టలో క్షణమాత్రము కరెంటు పుట్టునని కనుగొనెను. కొన్ని వారములలోనే అయస్కాంతమును కదలించి కరెంటు పుట్టించెను. భూపాలపల్లి దగ్గర చెల్పూరులోని కాకతీయ థర్మల్ విద్యుత్కేంద్రములో తిరుగుచున్న జనరేటరుకును, మన ఊరి నడుమనున్న ట్రాన్స్‌ఫార్మరుకును మూలము ఆ దినపు పనియే. దీనిని గూర్చి వేరుగా ఒక పత్రిక నింపవచ్చును గనుక ఇక్కడ ఆపి మన పాఠమునకు వత్తుము.

1832 మొదలు 1834 వరకు ఫారడే విద్యుద్విశ్లేషణముపై మనస్సు నిలిపెను. ఆ దినములలో మేఘములోని మెరుపు, పట్టుగుడ్డతో రుద్దిన గాజు, వోల్టా బ్యాటరీ, అయస్కాంతము, విద్యుచ్ఛేప – వీటి కరెంటులు వేర్వేరు జాతులవా, ఒక్కటేనా అను వివాదముండెను. అన్నియు ఒకటే యని ఆయన ప్రయోగములచేత చూపెను. ఇందులో మన స్త్రీలకు బాగుగా తెలిసిన వస్తువు ఒకటి ఉన్నది. ఆయన కాగితములను పసుపు నీటిలో ముంచి ఆరబెట్టి, వాటిని ఒక ఉప్పు ద్రావణముతో తడిపి కరెంటు పంపెడివాడు. పసుపులో సున్నము కలిపిన యెడల పారాణి ఎర్రనగును గదా! సున్నము క్షారము గనుక అట్లగును. అదేవిధముగా కరెంటు ఎక్కడ క్షారమును పుట్టించునో అక్కడ పసుపు కాగితము ఎర్రనగును. ఆమ్లము పుట్టు వైపున మరియొక రంగు కాగితము, లిట్మసు, గుర్తు చూపును. మన దేశపు పెరటిలోని పసుపుకొమ్ము లండనులో ఆ ప్రయోగశాల బల్లమీద సాక్షిగా నిలిచెను.

1833 చలికాలములో మంచుగడ్డ కరెంటును పోనియ్యదని, కరిగి నీరైనంతనే పోనిచ్చునని గమనించెను. సీసపు క్లోరైడు మొదలైన లవణములును గట్టిగా ఉన్నప్పుడు అడ్డగించి, కరగించినప్పుడు దారి ఇచ్చి, అదే సమయమున విడిపోవుచుండెను. కారణమేమనగా, లవణములో విద్యుదావేశముగల కణములుండును. గట్టిపదార్థములో అవి తమ తమ స్థానములలో బంధింపబడియుండును; కరిగినప్పుడు కదలుటకు వీలు కలుగును. ధనావేశముగల కణము ఋణధ్రువమువైపునకు, ఋణావేశముగలది ధనధ్రువమువైపునకు పోవును. కరెంటు పంపినందుననే ఈ కణములు ఏర్పడునని ఫారడే తలంచెను. కరెంటు లేకున్నను నీటిలో కరిగిన ఉప్పు ముందే విడిపోయి యుండునని స్వీడను దేశపు అరీనియస్ 1887లో స్థాపించెను. గొప్పవారి మాటలలో కూడ సరిదిద్దవలసినవి ఉండును.

ఈ క్రొత్త సంగతులకు పేర్లు కావలసెను. ఫారడేకు గ్రీకు రాదు. కేంబ్రిడ్జిలో విలియం హ్యూవెల్ అను దైవసేవకుడు గొప్ప పండితుడై యుండెను. 1834లో ఫారడే ఆయనకు వ్రాసి పేర్లు అడిగెను. వచ్చిన పేర్లు ఆనోడు, కాథోడు, అయాను. సెమినరీలో గ్రీకు అక్షరములు దిద్దిన మాకు ఈ మాటలు చూచినప్పుడెల్ల సంతోషము కలుగును. హొడొస్ అనగా మార్గము. యోహాను 14:6లో ప్రభువు తన్ను గూర్చి చెప్పుకొనిన మాటలలో మార్గమునకు ఉన్న పదము ఇదే. అన అనగా పైకి, కత అనగా క్రిందికి. కాబట్టి ఆనోడు పైకి పోవు మార్గము, కాథోడు దిగు మార్గము. సూర్యుడు ఉదయించు దిక్కును, అస్తమించు దిక్కును తలంచి ఆ పేర్లు పెట్టిరి. అయాను అనగా పోవునది. విశ్లేషణమను అర్థమిచ్చు లైసిస్ అను మాటకు మూలము విప్పుట. యోహాను 11:44లో లాజరు కట్లను గూర్చి ప్రభువు ఆజ్ఞాపించినప్పుడు వాడిన క్రియ అదే కుటుంబములోనిది. మన పిల్లలు ఇంగ్లీషు మాటలని బట్టీపట్టునవి క్రొత్త నిబంధన భాషలోని మాటలే.

ఇప్పుడు ఆ రెండు నియమములు. కరెంటును అంగడికి పట్టుకొనిపోయిన డబ్బుగా తలంచుడి. మొదటి నియమము: ఎంత డబ్బు ఇచ్చితిమో అంత సరకు వచ్చును. రెండింతల కరెంటు పంపిన యెడల ధ్రువము మీద రెండింతల లోహము చేరును. కరెంటును రెండింతల కాలము పంపినను అంతే. పాత్ర పెద్దదైనను చిన్నదైనను, ద్రావణము చిక్కనైనను పలుచనైనను లెక్క మారదు. రెండవ నియమము: ఒకే డబ్బుకు ఉప్పు ఒక తూకము, పప్పు ఒక తూకము, బెల్లము ఒక తూకము వచ్చునట్లు, ఒకే మోతాదు కరెంటుకు ఒక్కొక్క మూలకము తనకు ఏర్పడిన తూకముననే వచ్చును. ఆ తూకమును తుల్యభారమందురు. సుమారు 96,500 కూలుంబుల విద్యుత్తుకు హైడ్రోజను 1 గ్రాము, ఆక్సిజను 8 గ్రాములు, రాగి దాదాపు 32 గ్రాములు, వెండి 108 గ్రాములు వచ్చును. ఆ మోతాదునకు నేడు ఫారడే అనియే పేరు. ఒక ఆంపియరు కరెంటు ఒక గంట పంపిన యెడల వెండి సుమారు 4 గ్రాములు, రాగి 1 గ్రాముకంటె కొంచెము ఎక్కువ చేరును. వెండికి ధర ఎందుకు చవుక? వెండి అయాను ఒక్క ఎలక్ట్రానును పుచ్చుకొని లోహమగును, రాగి అయానుకు రెండు కావలెను. ఎలక్ట్రాను అనునది ఒకటి ఉన్నదని లోకమునకు తెలిసినది 1897లో, ఫారడే చనిపోయిన ముప్పది ఏండ్లకు. చూడని దానిని ఆయన తక్కెడతో తూచెను.

ఇంటియొద్ద చూడగోరు పిల్లలకు ఒక మాట. గోడలోని కరెంటును ఎన్నడును ముట్టవద్దు, ప్రాణము పోవును. నాలుగు టార్చిలైటు సెల్లులు వరుసగా కలిపి, తీగెల చివర రెండు పెన్సిలు ములుకులు కట్టి, చిటికెడు వంటసోడా కలిపిన నీటిలో ముంచిన చాలును. ఋణధ్రువము వద్ద హైడ్రోజను, ధనధ్రువము వద్ద ఆక్సిజను. మొదటిది రెండవదానికి రెండింతలు. వంటసోడాకు బదులు ఉప్పు వేసిన యెడల క్లోరిను వాయువు లేచును, అది ఊపిరితిత్తులకు హాని గనుక వద్దు. మైలతుత్తము నీటిలో చూచినయెడల ఋణధ్రువపు ములుకుమీద ఎర్రని రాగి పూత కనబడును. అక్కడ ఇనుప మేకును వాడకుడి. కరెంటు లేకపోయినను ఇనుముమీద రాగి దానంతట అదే చేరును గనుక మీరు మోసపోవుదురు. మైలతుత్తము విషము, చేతులు కడుగుకొనుడి.

ఇది పుస్తకములలోనే ఉన్న విద్య కాదు. పెండ్లిండ్లలో పెట్టుకొను గిల్టు నగల పూత ఇదే పని. మన స్త్రీలు సత్తు గిన్నెలని, సిల్వరు గిన్నెలని పిలుచునవి వెండివి కావు, అల్యూమినియము. కరగించిన ఖనిజమునుండి కరెంటుతో ఆ లోహమును చవుకగా తీయు పద్ధతిని 1886లో అమెరికాలో ఛార్లెస్ హాల్ అను ఇరువది రెండేండ్ల యువకుడును, ఫ్రాన్సులో హెరూల్ట్ అనువాడును వేరువేరుగా కనిపెట్టిరి. హాల్ ఒక పాదిరి కుమారుడు. ఊరి నీళ్ల ట్యాంకులో వేయు బ్లీచింగు పొడిలోని క్లోరిను ఉప్పునీటిని కరెంటుతో విడదీయగా వచ్చినది. దానితోపాటు వచ్చు కాస్టిక్ సోడా సబ్బులకు, కాగితమునకు పోవును. కర్నూలులో అట్టి కర్మాగారమున్నది.

ఇక ఆయన నడవడి. తీర్పరిగా కాక సాక్షులుగా చెప్పుదుము. 1830 ప్రాంతమున ఫారడే కంపెనీలకు పరీక్షలు చేసిపెట్టి సంవత్సరమునకు వేయి పౌనులవరకు సంపాదించుచుండెను. ఆ పని పెంచుకొనియుంటే ధనవంతుడగును. పరిశోధనకు కాలము చాలదని దానిని క్రమముగా విడిచిపెట్టెను. తన కనుగొనినవాటికి పేటెంటు పుచ్చుకొనలేదు. 1835లో ప్రభుత్వము ఆయనకు పింఛను ఇవ్వజూపినప్పుడు, ప్రధానమంత్రి మెల్‌బోర్న్ అట్టి పింఛనులను గూర్చి చులకనగా మాటలాడెను. ఫారడే వెంటనే నిరాకరించెను. మంత్రి క్షమాపణ చెప్పుకొనిన తరువాతనే సంవత్సరమునకు 300 పౌనుల పింఛను అంగీకరించెను. సర్ బిరుదు వద్దనెను. రాయల్ సొసైటీ అధ్యక్ష పదవిని రెండుసార్లు వద్దనెను. బీదలను, రోగులను దర్శించుటకు మాత్రము సమయము దొరికెడిది. బార్బికన్ ప్రాంతములో పాల్స్ ఆలీ అను సందులోనున్న చిన్న మందిరములో 1832లో పరిచారకుడును, 1840లో పెద్దయు ఆయెను. వారమంతయు రాజకుమారులు వచ్చి విను ఉపన్యాసకుడు ఆదివారమున చేతిపనివారి నడుమ కూర్చుండి, తన వంతు వచ్చినప్పుడు వాక్యము చెప్పెను.

1844లో ఆ సంఘమే ఆయనను వెలివేసెను. రాణిగారితో భోజనమునకు పోయి ఒక ఆదివారము ఆరాధన తప్పినందున అట్లాయెనని ఒక కథ పుస్తకములలో తిరుగుచున్నది. మేముకూడ చిన్ననాట అట్లే వింటిమి. ఆ సంఘపు కాగితములను పరిశోధించిన చరిత్రకారులు దీనికి ఆధారము లేదందురు. ఆ వసంతకాలమున సంఘ క్రమశిక్షణను గూర్చి భేదము పుట్టి, ఫారడేతోపాటు మరికొందరు సభ్యులును వెలివేయబడిరి. నలుబది ఏండ్లు ప్రతి ఆదివారము కూర్చుండిన బల్లకు దూరము! ఆయన వేరొక సంఘమునకు పోలేదు. పెద్ద పెద్ద మందిరములు ఆయనను చేతులు చాచి చేర్చుకొనెడివే. తన పక్షమున గుంపు కూర్చలేదు. కొద్ది వారములకు మరల చేర్చుకొనబడెను గాని పెద్దరికము పోయెను. పదునారు సంవత్సరములు సామాన్య సభ్యుడుగానే ఉండి, 1860లో మరల పెద్దగా ఎన్నుకొనబడెను. ఆ సంఘము చేసినది న్యాయమని మేము చెప్పజాలము. అంత కఠినమైన సంఘము ఎక్కువ కాలము నిలువదు, అది నిలువలేదు కూడ. అయినను మన సంఘములలో కమిటీ ఎన్నికలో ఓడిపోయిన మరుసటి ఆదివారమే వేరు పందిరి వేయుటను చూచుచున్న మాకు ఆ పదునారు సంవత్సరములు చిన్నవిగా కనబడవు.

ప్రయోగశాలలోని సంగతులను ఆయన ప్రసంగపీఠము మీదికి తేలేదు. బైబిలు వచనములతో ఒక ప్రయోగ ఫలితమును రుజువు చేయ ప్రయత్నింపలేదు, ప్రయోగముతో బైబిలును రుజువు చేయబూనలేదు. 1854లో ఆల్బర్ట్ యువరాజు అధ్యక్షతన చేసిన ఉపన్యాసములో మాత్రము రోమా 1:20ని పేర్కొని, సృష్టిని చదువుటకును దేవుని యందలి విశ్వాసమునకును తాను విరోధము చూడలేదని తెలిపెను. ఈ ప్రపంచము ఒక్కని చేతిపని గనుక దాని శక్తులన్నియు ఒకదానికొకటి బంధుత్వము గలవని ఆయన నమ్మిక. 1845లో అయస్కాంతము కాంతిమీద పనిచేయునని కనుగొన్నప్పుడు వెదకినది దానినే.

మన పాలంపేటలో 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడిని జనులు ఆయన పేరుతో పిలువరు. శిల్పి రామప్ప పేరుతో పిలుచుచున్నారని పెద్దలు చెప్పుదురు. 2021లో యునెస్కోవారు దానిని ప్రపంచ వారసత్వముగా ప్రకటించిరి. బిరుదులు వద్దనిన ఫారడే పేరు విద్యుదావేశమును నిలువచేయు సామర్థ్యమును కొలుచు ఫారడు అను ప్రమాణములో నిలిచినది. ఫ్యాను తిరుగక కెపాసిటరు మార్చవలసి వచ్చినప్పుడు దానిమీద ముద్రించిన అక్షరములను చూడుడి. మైక్రోఫారడు అను గుర్తు కనబడును.

నలుబది ఎనిమిదవ ఏటనుండియే ఆయన తల బలహీనమాయెను. 1841లో విశ్రాంతికొరకు స్విట్జర్లాండులో కొన్ని నెలలుండెను. జ్ఞాపకశక్తి మెల్లగా తగ్గుచుండెను. చేసిన ప్రయోగమునే మరల చేయబోయి, తన నోటుపుస్తకములో అది ముందే వ్రాసియుండుట చూచెడివాడు. అందుచేత ప్రతి పేరాకు వరుస సంఖ్య వేసి దినచర్య వ్రాయు అలవాటు ఆయనకు ఊతకర్రవలె ఉపయోగపడెను. 1858లో విక్టోరియా రాణి హాంప్టన్ కోర్టులో ఒక ఇల్లు ఉచితముగా ఇచ్చెను. దీపస్తంభముల పనిని మాత్రము వయస్సు మీరువరకు విడువలేదు. ఓడలు ఒడ్డున కొట్టుకొనకుండ దీపములను బాగుచేయు ఆ ప్రభుత్వ కార్యమునకు సుమారు ముప్పది ఏండ్లు సలహాదారుడుగా ఉండి, ముసలితనములో మంచులో ప్రయాణము చేసి దీపములను పరీక్షించెను. 1864లో పెద్దరికమును, తరువాత ఒక్కొక్క బాధ్యతను విడిచిపెట్టెను.

1867 ఆగస్టు 25వ తేదీన తన చదువు గదిలో కుర్చీలో కూర్చుండియే నిద్రించెను. రాజులను, పండితులను పాతిపెట్టు వెస్ట్‌మినిస్టర్ ఆబీలో తనకు చోటు వద్దని ముందే చెప్పియుండెను. హైగేటు శ్మశానవాటికలో, ఇంగ్లండు ప్రభుత్వ సంఘమునకు చెందనివారికి విడిచిన భాగములో, కొద్దిమంది బంధువుల సమక్షమున, ఆ సంఘపు వాడుక ప్రకారము ఆర్భాటము లేక ఆయనను సమాధి చేసిరి. రాతిమీద పేరు, పుట్టిన తేదీ, చనిపోయిన తేదీ వ్రాసిరి. సారా 1879లో చనిపోగా ఆమెనుకూడ అక్కడనే ఉంచిరి.